దగ్గు వెంట బెంగళూరుకు

హిందూపురంలో పొద్దున్నే మెము రైలెక్కితే పూట గడవకముందే బెంగళూరు చేరతాం. మధ్యలో రాష్ట్రం మారుతుంది. విదురాశ్వత్థం వచ్చేసరికి స్టేషను బోర్డుల మీద తెలుగు పోయి కన్నడం వస్తుంది. పెట్టెలో మాట మాత్రం మారదు. గౌరిబిదనూరులో ఎక్కేవాళ్ళలో చాలామంది తెలుగే మాట్లాడతారు. ఫ్యాక్టరీ పనికి పోయేవాళ్ళు, సెంట్రింగు మేస్త్రీలు, పూలమూటలతో ఆడవాళ్ళు, కాలేజీ పిల్లలు, వీళ్ళందరి మధ్య ఆసుపత్రికి బయల్దేరినవాళ్ళు. వాళ్ళను గుర్తుపట్టడం కష్టం కాదు. ఎవరితోనూ మాట్లాడకుండా ఒళ్ళో కవరు పెట్టుకుని కూర్చుంటారు. మా వైపు పెద్ద జబ్బు చేస్తే బెంగళూరే దిక్కు. కాన్సరుకు కిద్వాయ్, నరాలకు నిమ్హాన్స్, గుండెకు జయదేవ. మన మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, కానీ అక్కడికి వెళ్ళాలంటే రాత్రంతా ప్రయాణం చేయాలి.

కోవిడ్ లాంటి ఊపిరితిత్తుల జబ్బు మళ్ళీ వస్తే ఈ ప్రాంతం ఎంతవరకు సిద్ధంగా ఉందో చూద్దామని బయల్దేరాను. ప్రాంతం అంటే నా లెక్కలో కర్ణాటక కాదు, ఆంధ్రప్రదేశ్ కాదు. ఈ రైలు, ఈ బస్సులు, ఈ అంబులెన్సులు తిరిగే మేర అంతా ఒకటే ప్రాంతం. మనిషి దగ్గు మనిషితోపాటే ప్రయాణం చేస్తుంది కాబట్టి జబ్బు లెక్కా అలాగే ఉండాలి.

ఎదురు సీట్లో ఒక తల్లి, ఆమె ఒళ్ళో ఏడాది దాటిన పాప. పాపకు ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి లాగుతోంది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా దగ్గు?" అని అడిగాను.

"వారమైంది సార్. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర చూపిస్తిమి, తగ్గల్యా. టౌన్లో ఇంకో డాక్టరు ఎక్స్‌రే తీసి, పిల్లల పెద్దాసుపత్రికి పోండి అనె. ఇంట్లోవాళ్ళందరికీ జలుబు సార్, మా అత్తకు కూడా."

ఆమె కవరు చూపించింది. చీరల దుకాణం వాళ్ళిచ్చిన ప్లాస్టిక్ సంచి. అందులో మడతపడిన ఎక్స్‌రే ఫిల్ము, మూడు మందుల చీటీలు, సగం అయిన సిరప్పు సీసా, ఆధార్ జిరాక్సు. ఒక చీటీ మీద తేదీ లేదు. ఇంకోదాని మీద డాక్టరు పేరు చదవడానికి రాదు. ఇంట్లో అందరికీ ఒకేసారి జలుబు చేసిందన్న మాట వాటిలో ఎక్కడా లేదు. అంటువ్యాధి కోసం వెతికేవాళ్ళకు అన్నిటికంటే ముందు కావలసింది ఆ మాటే. ఈ రెండు రాష్ట్రాల మధ్య ఆ జబ్బు గురించిన సమాచారం మోసుకుపోతున్నది ఆ సంచి ఒక్కటే.

రైలు గౌరిబిదనూరు దాటింది. ఇది చిక్కబళ్ళాపుర జిల్లా. 2025 తొలి నెలల్లో ఇదే జిల్లాలోని వరదహళ్ళిలో కోళ్ళకు బర్డ్‌ఫ్లూ నిర్ధారణ అయింది. అంతకుముందే ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్ళు గుట్టలుగా చచ్చాయి. ఆ మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ళ పాప మంగళగిరి ఎయిమ్స్‌లో హెచ్5ఎన్1తో చనిపోయింది. ఆ వైరస్ మనిషికి సోకడం అరుదు, మనిషి నుంచి మనిషికి పాకడం ఇంకా అరుదు. అలాగని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. కోడి నుంచి మనిషికి దూకే ప్రతిసారీ మనిషి శరీరాన్ని నేర్చుకోవడానికి దానికి ఒక అవకాశం దొరుకుతుంది. ఫారంలో కోళ్ళు చస్తే పశువైద్యుడికి తెలుస్తుంది. ఆ ఫారంలో పనిచేసే మనిషికి జ్వరమొస్తే తెలిసేది ఊరి మందుల షాపుకి. ఈ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే సన్నద్ధతలో మొదటి మెట్టు.

యలహంకలో దిగి, బళ్ళారి రోడ్డు మీదుగా బస్సులో హెబ్బాళ చేరాను. ముందుగా ఇక్కడికే రావడానికి కారణముంది. 2025 జనవరి 6న దేశమంతా టీవీల ముందు కూర్చుని బెదిరిపోయిన వార్త ఇక్కడి బ్యాప్టిస్ట్ ఆసుపత్రి నుంచి వచ్చిందే. చైనాలో ఏదో కొత్త వైరస్ అని అప్పటికే వారం రోజులుగా ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి. అంతలో బెంగళూరులో ఇద్దరు పసివాళ్ళకు, మూడు నెలల పాపకు, ఎనిమిది నెలల బాబుకు, హెచ్‌ఎంపీవీ అనే వైరస్ ఉందని ఐసీఎంఆర్ ప్రకటించింది. ఇద్దరూ విదేశాల ముఖం చూసినవాళ్ళు కారు. ఆ రోజు సెన్సెక్స్ 1,200 పాయింట్లకు పైగా పడింది. మాస్కుల ధర అడిగినవాళ్ళు మా హిందూపురంలోనూ ఉన్నారు.

నిజానికి అది భయపడాల్సిన వార్త కాదు, ధైర్యం చెప్పే వార్త. హెచ్‌ఎంపీవీని నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2001లోనే గుర్తించారు. అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచీ అది పిల్లల్లో తిరుగుతూనే ఉంది. ఆ ఇద్దరు పిల్లల్లో అది బయటపడింది ఎవరో భయపడి వెతికినందుకు కాదు. శ్వాస ఇబ్బందితో ఆసుపత్రిలో చేరినవాళ్ళ ముక్కు, గొంతు నమూనాలు తీసి, ఒకేసారి అనేక వైరస్‌ల కోసం పరీక్షించే నిఘా ఏడాది పొడవునా మామూలుగా సాగుతోంది. అందులో దొరికింది. జ్వరం, దగ్గు మొదలైన పది రోజుల్లోపు ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే దాన్ని తీవ్ర శ్వాసకోశ వ్యాధిగా లెక్కిస్తారు. వైద్యసిబ్బంది 'సారి' అంటారు. చేర్చేంత తీవ్రం కాకపోతే 'ఐఎల్‌ఐ', అంటే ఫ్లూ లాంటి జ్వరం. ప్రతి వారం ఈ లెక్కలు చూస్తూ ఉంటేనే మామూలు చలికాలం ఎలా ఉంటుందో తెలుస్తుంది. మామూలు ఏమిటో తెలియనివాడు అసాధారణాన్ని పట్టుకోలేడు. నిఘా సక్రమంగా పనిచేసిన రోజును మనం విపత్తు రోజుగా గుర్తుపెట్టుకున్నాం. నాకది బాధగా ఉంటుంది.

అదే హెబ్బాళలో పశు ఆరోగ్య, వెటర్నరీ బయోలాజికల్స్ సంస్థ ఉంది. దక్షిణాది రాష్ట్రాల పశువుల, కోళ్ళ జబ్బుల నమూనాలు పరీక్షించే ప్రాంతీయ ప్రయోగశాల ఆ ఆవరణలోదే. బర్డ్‌ఫ్లూ తుది నిర్ధారణకు నమూనాలు భోపాల్‌కు వెళ్తాయి కానీ, కోడికీ గొర్రెకీ రాష్ట్రం హద్దు ఉండదని గుర్తించి పెట్టిన ఏర్పాటు ఇది. గేటు బయట నిలబడి ఆ బోర్డు చదువుతుంటే, మనుషుల విషయంలో ఈ చూపు ఎందుకు ఇంత ఆలస్యమైందా అనిపించింది.

మధ్యాహ్నానికి హోసూరు రోడ్డు. నిమ్హాన్స్, కిద్వాయ్, ఇందిరాగాంధీ పిల్లల ఆసుపత్రి, రాజీవ్‌గాంధీ ఛాతీ వ్యాధుల సంస్థ అన్నీ ఒకదానికొకటి నడక దూరంలో. ఫుట్‌పాత్ మీద టిఫిన్ బండ్ల దగ్గర వినబడే మాటల్లో సగం కదిరి, మదనపల్లె, పలమనేరు యాసలు. ఛాతీ వ్యాధుల సంస్థ ఒకప్పుడు క్షయ రోగుల శానటోరియం. ఊరికి దూరంగా, గాలి బాగా ఆడేలా కట్టిన చోటు. ఊరు పెరిగి దాన్ని చుట్టేసింది. 2020 మార్చిలో బెంగళూరు తొలి కోవిడ్ రోగులను ఉంచింది ఇక్కడే. పక్కనే జాతీయ వైరాలజీ సంస్థ బెంగళూరు విభాగం. చెట్లు ఎక్కువ, చప్పుడు తక్కువ. క్షయకు ఏ గాలి మంచిదని నమ్మి ఆ రోజుల్లో ఈ చోటు ఎంచుకున్నారో, వైరస్‌కూ ఆ గాలే మంచిదని మనం 2020లో మళ్ళీ తెలుసుకున్నాం. కిటికీలు తెరిచి ఉంచండని ఇప్పటికీ ఏ ఓపీలోనూ ఎవరూ గట్టిగా చెప్పరు. నేను చూసిన వరండాలో మాత్రం కిటికీలు తెరిచే ఉన్నాయి.

కోవిడ్ మొదటి అడుగులే హద్దులు దాటిన అడుగులు. 2020 ఫిబ్రవరి 20న దుబాయ్ నుంచి బెంగళూరులో దిగిన ఒక యువ ఇంజనీరు, 22న బస్సెక్కి హైదరాబాదు వెళ్ళాడు. మార్చి 2న గాంధీ ఆసుపత్రిలో తెలంగాణ తొలి కేసుగా నమోదయ్యాడు. బస్సులో ఆయనతో ప్రయాణించినవాళ్ళను ఒక రాష్ట్రం, బెంగళూరులో ఆయనతో ఉన్నవాళ్ళను ఇంకో రాష్ట్రం వెతుక్కోవాల్సి వచ్చింది. మార్చి 10న దేశంలో తొలి కోవిడ్ మరణం కలబురగి మనిషిది. సౌదీ నుంచి తిరిగొచ్చిన 76 ఏళ్ళ పెద్దాయనను ఇంటివాళ్ళు చికిత్స కోసం హైదరాబాదు తీసుకెళ్ళారు. తిరిగి తెస్తుండగా దారిలోనే ప్రాణం పోయింది. కోవిడ్ అని ప్రకటించింది 12న. ఒకరు ఇటు నుంచి అటు బస్సులో, ఇంకొకరు అటు నుంచి ఇటు అంబులెన్సులో. ఈ రెండు ప్రయాణాలూ మనవాళ్ళు ప్రతిరోజూ చేసేవే.

ఈ ఊరికి చూపు ఉంది, అందులో సందేహం లేదు. దేశంలో తొలి రెండు ఒమిక్రాన్ కేసులు బయటపడింది ఇక్కడే, 2021 డిసెంబరు 2న. ఒకరు నవంబరు 20న వచ్చిన 66 ఏళ్ళ దక్షిణాఫ్రికా ప్రయాణికుడు. ఫలితం ప్రకటించేలోగా 27నే దుబాయ్ విమానం ఎక్కేశాడు. రెండో వ్యక్తి 46 ఏళ్ళ స్థానిక వైద్యుడు, ఎక్కడికీ ప్రయాణం చేయలేదు. ఆయన నమూనాలో వైరస్ మోతాదు ఎక్కువగా కనిపించడంతో జన్యుక్రమం చూడటానికి పంపారు. ఆ రెండో కేసే నాకు ముఖ్యమనిపిస్తుంది. విమానాశ్రయంలో ఎంత కాపలా కాసినా, ఎక్కడికీ వెళ్ళని మనిషిలో అది దొరికింది. పట్టిచ్చింది విమానాశ్రయంలోని థర్మల్ స్కానర్ కాదు. నమూనా చూసి "ఇది పంపుదాం" అనుకున్న ఒక మనిషి నిర్ణయం.

ఇంకో చూపు మురుగులో ఉంది. వైరస్ సోకినవాళ్ళలో లక్షణాలు లేనివాళ్ళు కూడా దాన్ని మలంలో విసర్జిస్తారు. 2022 జనవరి నుంచి జూన్ దాకా టాటా ఇన్‌స్టిట్యూట్ ఫర్ జెనెటిక్స్ అండ్ సొసైటీలో ఫరా ఇష్తియాక్ బృందం బెంగళూరు మురుగుశుద్ధి కేంద్రాలు 28 చోట్ల నీటి నమూనాలు తీసి, దాదాపు 1.1 కోట్ల మంది ఆరోగ్యాన్ని ఎవరి ముక్కులోనూ పుల్ల పెట్టకుండా గమనించింది. పరీక్షకు డబ్బు లేనివాడు, పరీక్షంటే భయపడేవాడు, పాజిటివ్ వస్తే పని పోతుందని దాచుకునేవాడు, అందరూ ఆ లెక్కలోకి వచ్చారు. ఇంత చవకగా ఇంత న్యాయంగా జరిగే పరీక్ష ఇంకోటి లేదు. బెంగళూరు శుద్ధి చేసిన నీరు 2018 నుంచి కోరమంగల-చల్లఘట్ట పథకం కింద కోలారు చెరువులకు వెళ్తోంది. అక్కడి చాలా పల్లెల్లో ఇంటి భాష తెలుగు. నీటికి పైపులైను వేయగలిగారు. ఆ మురుగు చెప్పిన జబ్బు కబురు కోలారుకు, చిత్తూరుకు చేరేందుకు అలాంటి దారి వేయడం అంతకంటే ఖరీదైన పని కాదు.

మల్లేశ్వరం నేను ఊరికే చూసి వచ్చాను. 1898లో ప్లేగు హుబ్బళ్ళి వైపు నుంచి రైలుదారిలోనే బెంగళూరుకు వచ్చింది. ఇరుకు పేటలు ఖాళీ చేసి జనం మల్లేశ్వరం, బసవనగుడి వీధుల్లోకి వచ్చారు. ఆ ఏడాదే ఊరికి ఆరోగ్య అధికారిని నియమించారు. ప్లేగు పనులు సమన్వయం చేయడానికి టెలిఫోన్ తీగలు వేశారు. జబ్బును ఎదుర్కోవాలంటే ముందు ఒకరి మాట ఒకరికి వినపడాలని అప్పుడే తెలిసింది.

2021 సంగతి చెప్పకుండా ఈ ప్రయాణం పూర్తి కాదు. తుమకూరు రోడ్డులో మాదావర దగ్గర అంతర్జాతీయ ప్రదర్శన కేంద్రం ఉంది. 2020 జులైలో అక్కడ 10,100 పడకల కోవిడ్ కేంద్రం ప్రకటించారు, కొంత భాగం తెరిచారు, సెప్టెంబరు 15 నాటికి మూసేశారు. దేశంలోనే పెద్దదని పేపర్లలో ఫోటోలు వచ్చాయి. 2021 ఏప్రిల్ 30న ఒక్క బెంగళూరులోనే కొత్త కేసులు 26 వేలు దాటాయి. అప్పుడు జనం వెతికింది మంచం కాదు, ఆక్సిజన్. మే 2 రాత్రి నుంచి 3వ తేదీలోగా చామరాజనగర జిల్లా ఆసుపత్రిలో 24 మంది చనిపోయారు. కర్ణాటకకు రోజుకు 1,200 టన్నుల ఆక్సిజన్ ఇవ్వమని హైకోర్టు కేంద్రాన్ని ఆదేశించాల్సి వచ్చింది. ఆ ఆదేశాన్ని ఆపడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో 11 మంది. అక్కడ తమిళనాడు నుంచి రావలసిన ట్యాంకరు ఆలస్యమైంది. మన ఆసుపత్రులకు ఆక్సిజన్ బళ్ళారి ఉక్కు ఫ్యాక్టరీ నుంచి, చెన్నై పక్కనున్న శ్రీపెరుంబుదూరు నుంచి వచ్చేది. మన రోగి ఊపిరి పక్క రాష్ట్రం ట్యాంకరులో ఉంది. సన్నద్ధతను రాష్ట్రం గీత గీసి లెక్కపెట్టడం ఎందుకు కుదరదో అప్పుడే తేలిపోయింది.

అయినా కోవిడ్ రోజుల్లోనే అంబులెన్సులను ఆపాం. 2020 మార్చిలో కర్ణాటక తలపాడి దగ్గర రోడ్డు మూసేసింది. కేరళలోని కాసరగోడు మనుషులకు మంగళూరే ఆసుపత్రి. చికిత్స అందక కొందరు చనిపోయారు. హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా వెళ్ళాక దారి తెరుచుకుంది. 2021 మేలో కర్నూలు నుంచి హైదరాబాదు వెళ్ళే అంబులెన్సులను తెలంగాణ పోలీసులు పుల్లూరు టోల్‌గేటు దగ్గర ఆపారు. ఆసుపత్రిలో పడక ఖాయమైనట్టు, కంట్రోల్ రూము అనుమతి ఉన్నట్టు కాగితం చూపమన్నారు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. ఆపినవాళ్ళను తిట్టి ప్రయోజనం లేదు. వాళ్ళ ఊళ్ళోనూ పడకలు లేవు. తప్పు అంతకుముందటి ఏడాదిలో ఉంది. ఎవరి రోగులు ఎక్కడికి వెళ్తారో అందరికీ తెలిసినా, ఆ లెక్క కట్టి, ఆక్సిజన్, పడకలు, అంబులెన్సుల గురించి రెండు రాష్ట్రాల అధికారులు ముందే కూర్చుని మాట్లాడుకోలేదు. జాతీయ రహదారి మీద కొడికొండ చెక్‌పోస్టు దాటినప్పుడల్లా నాకు పుల్లూరు గుర్తొస్తుంది. ఇక్కడ అలాంటిది జరిగినట్టు నేను వినలేదు. జరగదని రాసిపెట్టిన ఒప్పందమూ నాకు కనిపించలేదు.

ఆశ పెట్టుకోదగ్గవి ఉన్నాయి. వ్యాధుల సమాచారాన్ని కంప్యూటర్లో ఊరి స్థాయి నుంచి నమోదు చేసే ఐహెచ్‌ఐపీని 2018 నవంబరులో మొదట ఏడు రాష్ట్రాల్లో పెట్టారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక మూడూ అందులో ఉన్నాయి. ఏఎన్‌ఎం చూసిన లక్షణాలకు ఒక ఫారం, డాక్టరు అనుమానానికి ఒకటి, ల్యాబు నిర్ధారణకు ఇంకొకటి. 2021 అక్టోబరులో మొదలైన కేంద్ర పథకంలో కొత్తగా వచ్చే నాలుగు ప్రాంతీయ వైరాలజీ సంస్థల్లో ఒకటి బెంగళూరుకు కేటాయించారు. బెంగళూరులో వార్డుకొకటి చొప్పున నమ్మ క్లినిక్‌లనే చిన్న ప్రభుత్వ ఆసుపత్రులు పెట్టే పనీ జరిగింది. అయితే 2025 సెప్టెంబరులో మహానగర పాలికె పోయి, గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. కోవిడ్‌లో ఒకే పాలికె ఊరంతటినీ చూసింది. ఇప్పుడు ఐదు కార్పొరేషన్ల లెక్కలు ఒక చోటికి చేర్చేది ఎవరో ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే తేల్చుకోవాలి.

తిరుగు ప్రయాణంలో యలహంక వైపు ఒక నమ్మ క్లినిక్‌లో ఆగాను. చుట్టుపక్కల అపార్టుమెంట్లు లేస్తున్నాయి. రేకుల షెడ్లలో కూలీలు. నర్సమ్మది బాగేపల్లి, చక్కగా తెలుగు మాట్లాడుతుంది. చలికాలంలో దగ్గుతో వచ్చేవాళ్ళెక్కువ. నాలుగు దినాలు మందులిస్తుంది, ఐదో దినం మనిషి కనపడడు.

"పండగకు ఊరికి పోయింటారు సార్, లేకుంటే పని ఇంకో సైటుకు మారింటుంది. ఒకే షెడ్డు నుంచి ఐదారుగురికి జ్వరమొస్తే నేను పైకి రిపోర్టు పెడతా. వాళ్ళు బస్సెక్కి మీ హిందూపురమో మడకశిరో పోతే అక్కడెవరికి చెప్పాల?"

ఆమె దగ్గర నీలం అట్ట నోటుబుక్కు ఉంది. వచ్చినవాళ్ళు చెప్పిన సొంత ఊళ్ళు ఒక పక్కన రాసుకుంటుంది. ఎవరూ రాయమనలేదు. ఆ ఊళ్ళలో తనకు తెలిసిన ఆశాలుంటే ఫోన్ చేసి, ఫలానావాళ్ళకు దగ్గుంది, ఇంట్లో ముసలివాళ్ళుంటే చూసుకోండని చెబుతుంది. గౌరిబిదనూరు, బాగేపల్లి వైపు నంబర్లు నిండుగా ఉన్నాయి. ఆంధ్రా పేజీలో రెండే ఉన్నాయి.

"మీ సైడు ఏఎన్‌ఎంల నంబర్లు దొరికితే నాకు ఇప్పీయండి సార్" అంది.

ఊరికొచ్చాక లేపాక్షి, చిలమత్తూరు పీహెచ్‌సీలకు వెళ్ళి అడిగాను. ఏఎన్‌ఎంలు సంతోషంగా ఇచ్చారు, ఆమె నంబరు వాళ్ళూ రాసుకున్నారు. మడకశిర వైపువి ఇంకా రావాలి.